పదహారేళ్ళ అమ్మాయికి ఊరికే కూర్చున్నా పల్స్ 100 దాటుతోంది, ఇది మామూలేనా?

వానచినుకు (గుంటూరు)

అందరికీ నమస్కారమండీ. మా పాపకి 16 నిండాయి, ఇంటర్ ఫస్టియర్ బైపీసీ, డే స్కాలరే. పుట్టినరోజుకి వాళ్ళ మావయ్య స్మార్ట్ వాచ్ కొనిచ్చాడు, అది వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే గోల. ఊరికే కూర్చుని టీవీ చూస్తున్నా 98, 102, ఒక్కోసారి 108 చూపిస్తోంది. నేను పెట్టుకుని చూస్తే 74. వాళ్ళ అన్నయ్య డిగ్రీ చదువుతున్నాడు, వాడికి 68. మరి దీనికే ఎందుకంత? జ్వరం లేదు, బరువు తగ్గలేదు, కాకపోతే మెట్లెక్కితే ఆయాసం అంటుంది, సాయంత్రం కాలేజీ నుంచి రాగానే సోఫాలో పడిపోతుంది. మావారేమో పరీక్షల టెన్షన్ అంటారు, మా అత్తగారేమో దిష్టి అంటారు. నెట్‌లో వెతికితే గుండె జబ్బు దగ్గర్నుంచి థైరాయిడ్ దాకా అన్నీ వస్తున్నాయి, అవి చదివి నా పల్స్ కూడా పెరిగింది. అసలు ఈ వయసు పిల్లలకి ఎంతుండాలి? కార్డియాలజిస్ట్ దగ్గరికే వెళ్ళాలా, మామూలు డాక్టర్ చాలా?

బెజవాడ బాబాయ్

అమ్మా ఆ వాచ్ తీసి బీరువాలో పెట్టండి, రోగం అదే పోద్ది. మా రోజుల్లో ఎవడు చూశాడండీ పల్సు, పరిగెత్తాం ఆడాం బతికాం. ఇంటర్ బైపీసీ అంటే నీట్ టెన్షన్ ఉండదా మరి, పొద్దున్నుంచి రాత్రి దాకా రుద్దుతుంటే గుండె కొట్టుకోదా.

నైట్ డ్యూటీ (స్టాఫ్ నర్స్, ఏలూరు)

బాబాయ్ గారూ మీరు అన్నదాంట్లో సగం కరెక్టే, వాచ్‌ని నమ్మి బెంబేలు పడకూడదు. కానీ మెట్లెక్కితే ఆయాసం అని తల్లి చెప్తుంటే బీరువాలో పెట్టే విషయం కాదు ఇది.

వానచినుకు గారూ ముందు వాచ్ పక్కన పెట్టి చేత్తో చూడండి. పొద్దున్నే పాప నిద్ర లేచాక ఇంకా మంచం దిగకముందు, ఫోన్ పట్టుకోకముందు, బొటనవేలి కింద మణికట్టు దగ్గర మీ రెండు వేళ్ళు ఆనించండి, చూపుడువేలు మధ్యవేలు. బొటనవేలు పెట్టకండి, దానికి సొంత నాడి కొట్టుకుంటుంది, మీది లెక్కపెట్టేస్తారు. పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి, మా వార్డులో స్టూడెంట్లు పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించేస్తారు, ఒక్క దెబ్బ తేడా వస్తే నాలుగు తేడా వస్తుంది. కోవిడ్ టైంలో కొన్న పల్స్ ఆక్సీమీటర్ ఇంట్లో పడి ఉంటుంది కదా, అది కూడా పెట్టి చూడండి, ఆక్సిజన్ అంకె కాకుండా రెండో అంకె పల్సే. గోళ్ళకి నెయిల్ పాలిష్ గానీ గోరింటాకు గానీ ఉంటే రీడింగ్ తేడా వస్తుంది, లేని వేలు చూసి పెట్టండి. ఒక వారం పాటు పొద్దున ఒకటి, సాయంత్రం కాలేజీ నుంచొచ్చి పది నిమిషాలు కూర్చున్నాక ఒకటి, నోట్ బుక్‌లో రాయండి. వాచ్ లూజుగా ఉన్నా చెయ్యి కదులుతున్నా పిచ్చి అంకెలు చూపిస్తుంది.

ఇంకొకటి అడుగుతాను ఏమనుకోకండి, పాప పచ్చి బియ్యం నములుతుందా? బలపాలు, సుద్దముక్కలు, ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు? నెలసరి ఎలా ఉంటుంది, ఎక్కువ పోతుందా?

వానచినుకు (గుంటూరు)

అమ్మో నర్సు గారూ మీరు మా ఇంట్లో కెమెరా పెట్టారా ఏంటండీ. బియ్యం డబ్బా దగ్గర నిలబడి గుప్పెడు గుప్పెడు నములుతుంది, ఎన్నిసార్లు తిట్టానో, పొట్టలో పురుగులొస్తాయని కూడా భయపెట్టాను. నెలసరి ఏడు రోజులు ఉంటుంది, మొదటి మూడు రోజులు చాలా ఎక్కువ, గడ్డలు కూడా పడతాయంటుంది. కానీ దానికీ గుండెకీ ఏంటండీ సంబంధం?

కడప కారం

అక్కా మా చెల్లెలి కూతురికీ ఇట్లే గుండె దడ ఉండె. మా ఊర్లో ఆర్ఎంపీ ఉండాడు మంచి హస్తవాసి, ప్రొప్రనొలాల్ అని చిన్న మాత్ర రాసిచ్చినాడు, రెండు దినాలకే 70కి వచ్చేసింది. కావాలంటే చెప్పు పేరు ఎంజీతో సహా పెడతా. యాడికీ తిరగాల్సిన పని ల్యా.

స్టెతస్కోప్ (పిల్లల డాక్టర్, కర్నూలు)

కడప అన్నా దయచేసి ఆ మోతాదు ఇక్కడ పెట్టొద్దు. ప్రొప్రనొలాల్ వేస్తే అంకె తగ్గుతుంది, తగ్గకుండా ఎట్లుంటుంది, అది గుండె వేగాన్ని పట్టి ఆపే మందే. కానీ గుండె ఎందుకు పరిగెత్తుతోందో ఆ కారణం అక్కడే ఉంటుంది, పైగా కనపడకుండా పోతుంది. ఆస్తమా ఉన్న పిల్లకి ఇస్తే ఊపిరాడక ప్రాణం మీదికి వస్తుంది. వాడుతూ వాడుతూ ఒక్కసారిగా మానేస్తే వేగం మళ్ళీ ఎగదన్నుతుంది. మీ మేనకోడలికి అసలు రక్తపరీక్ష చేశారా లేదా, అది కనుక్కోండి ముందు.

వానచినుకు గారూ, పదేళ్ళు దాటిన పిల్లలకి లెక్క పెద్దవాళ్ళదే, విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100. అబ్బాయిలకంటే అమ్మాయిలకి కొంచెం ఎక్కువ ఉండటం మామూలే. 95 ఉంటే ఆరోగ్యం, 101 ఉంటే జబ్బు అని గీత గీసినట్టు ఉండదు. ఇప్పుడే మెట్లెక్కి వచ్చినా, ఎండలో వచ్చినా, నీళ్ళు తాగకపోయినా, నిద్ర చాలకపోయినా, కాఫీ తాగినా, డాక్టర్ని చూసి భయపడినా పెరుగుతుంది. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే పల్స్ సుమారు పది పెరుగుతుంది, అందుకే జ్వరంలో ఉన్న పిల్లకి 120 ఉంటే నేను ముందు జ్వరం సంగతి చూస్తా.

అంకె ఒంటరిగా వస్తే నేను పెద్దగా పట్టించుకోను, దాని వెంట ఏం వచ్చిందో చూస్తా. మీ పాపకి ఆయాసం వచ్చింది, అలసట వచ్చింది, బియ్యం తినడం వచ్చింది, నెలసరి ఎక్కువ పోవడం వచ్చింది. సిస్టర్ గారు అడిగిన ప్రశ్నలు ఊరికే అడగలేదు, ఇది ముందు రక్తహీనత అని అనుమానించాల్సిన కేసు. హిమోగ్లోబిన్ అనేది ఒంట్లో ఆక్సిజన్ మోసే సరుకు. బస్సులో సీట్లు సగం ఊడిపోతే అదే జనాన్ని చేర్చడానికి ట్రిప్పులు ఎక్కువ తిప్పాలి కదా, గుండె చేస్తున్నది అదే. కూర్చున్నప్పుడే ఎక్కువ ట్రిప్పులు తిప్పుతోంది కాబట్టి మెట్లెక్కేసరికి ఇంక మిగల్లేదు, ఆయాసం.

కార్డియాలజిస్ట్ ఇప్పుడే వద్దు. మీ ఊళ్ళో పిల్లల డాక్టర్ గానీ జనరల్ ఫిజీషియన్ గానీ చాలు. సీబీసీ అంటే రక్తకణాల లెక్క, ఫెర్రిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వ, టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ పరీక్ష, గుండె కరెంటు తీరు చూపే ఒక ఈసీజీ. ఇవి సరిపోతాయి మొదటి విడతకి. బీపీ కూడా చూపించండి. వాళ్ళే కింది కనురెప్ప లాగి చూస్తారు, స్టెత్ పెట్టి గుండెలో మర్మర్ అనే అదనపు శబ్దం ఉందేమో వింటారు. మన దగ్గర కీళ్ళవాతం వల్ల కవాటాలు పాడయ్యే జబ్బు ఇంకా పోలేదు, గొంతునొప్పి జ్వరం తర్వాత కీళ్ళు వాచిన చరిత్ర ఏమైనా ఉంటే మర్చిపోకుండా చెప్పండి.

బెజవాడ బాబాయ్

డాక్టరు గారే చెప్పాక నేనింకేం మాట్లాడను. కానీ బియ్యం తింటే రక్తం తగ్గుద్దా, రక్తం తగ్గితే బియ్యం తింటారా? మా ఆవిడ కూడా తినేదండీ చిన్నప్పుడు.

నైట్ డ్యూటీ (స్టాఫ్ నర్స్, ఏలూరు)

ఐరన్ తగ్గితే అలాంటివి తినాలనిపిస్తుంది బాబాయ్ గారూ, ఎందుకన్నది పక్కన పెట్టండి, ఐరన్ ఎక్కాక ఆ కోరిక దానంతటదే పోవడం చాలామందిలో చూశాను. తిడితే పోదు.

శాంపిల్ బాటిల్ (ల్యాబ్ టెక్నీషియన్, ఖమ్మం)

నేను ల్యాబ్‌ల కూసుంట కాబట్టి చెప్తున్న. కాలేజీ పిల్లల హిమోగ్లోబిన్ 8, 9 వస్తే మాకు ఆశ్చర్యం పోయింది, 12 వస్తే ఆశ్చర్యపోతం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదోది, 2019-21ల చేసింది, అందుల 15 నుంచి 19 ఏండ్ల ఆడపిల్లలల్ల దేశం మొత్తం మీద 59 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంతకు ముందు సర్వేల 54 ఉండె, అంటే పెరిగింది. మగపిల్లలల్ల కూడా 31 శాతం, వాళ్ళ సంగతి ఎవ్వరు మాట్లాడరు. ఈ వయసు ఆడపిల్లలకు 12 కింద ఉంటే తక్కువ అన్నట్టు, 15 దాటిన మగపిల్లలకు 13 కింద. 8 కంటె కిందికి పోతే తీవ్రం అంటరు.

అక్కా సీబీసీ రిపోర్టుల ఒక్క హిమోగ్లోబినే చూడకు, ఎంసీవీ అని ఉంటది, అది 80 కంటె తక్కువ ఉంటే కణాలు చిన్నగైనయి అన్నట్టు, ఐరన్ లోపం గానీ, తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు క్యారియర్ గానీ. ఏదన్నది డాక్టర్ చూస్తడు. ఫెర్రిటిన్ మాత్రం జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు చేయించకు, ఐరన్ తక్కువ ఉన్నా పైకి చూపిస్తది.

బైపీసీ బ్యాక్‌బెంచ్

హాయ్ అండి నాకు 17, సెకండియర్. నాకు వేరే టైపు. పడుకుంటే 70, కూర్చుంటే 85, లేచి నిలబడితే 125-130, కళ్ళు తిరుగుతాయ్, ప్రేయర్‌లో రెండుసార్లు పడిపోయా. హాస్టల్ వార్డెన్ నాటకాలు అన్నాడు. ఇంట్లో టిఫిన్ తినలేదు అందుకే అన్నారు. హిమోగ్లోబిన్ 14 ఉంది, థైరాయిడ్ నార్మల్, ఎకో (గుండె స్కానింగ్) కూడా నార్మల్. మరి నాకేంటి? గూగుల్‌లో పాట్స్ అని వస్తోంది, అది ఉంటే జీవితాంతం ఉంటుందా? నీట్ రాయగలనా?

స్టెతస్కోప్ (పిల్లల డాక్టర్, కర్నూలు)

నాయనా నువ్వు రాసింది చదివితే ఆ అనుమానం సబబే. అయితే ఫోరంలో చెప్పి తేల్చే జబ్బు కాదు, నిలబెట్టి చూడాల్సిందే. ఐదు పది నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి పల్స్, బీపీ చూస్తారు, తర్వాత లేచి ఏమీ ఆనుకోకుండా పది నిమిషాలు నిలబడాలి, మధ్య మధ్యలో మళ్ళీ చూస్తారు. 12 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో బీపీ పడిపోకుండా పల్స్ ఒక్కటే 40 లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే, మూడు నెలలుగా నిలబడ్డప్పుడల్లా ఇబ్బంది ఉంటే, పాట్స్ అంటాం. పెద్దవాళ్ళకి ఆ లెక్క 30. పిల్లలకి 40 ఎందుకంటే ఈ వయసులో నిలబడితే మామూలుగానే ఎక్కువ పెరుగుతుంది, 30 పెడితే సగం క్లాసు పాట్స్ అయిపోతుంది. ఈ పరీక్ష ఒంటరిగా చేసుకోవద్దు, నువ్వు పడిపోయే రకం, పక్కన మనిషి ఉండాలి.

నాటకం కాదు ఇది. లేచినప్పుడు రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగిపోతుంది, నరాలు రక్తనాళాలని బిగించి పైకి పంపాలి, ఆ పని సరిగ్గా జరగనప్పుడు గుండె వేగంతో సర్దుకుంటుంది. వైరల్ జ్వరం వచ్చి పోయాక, కోవిడ్ తర్వాత, ఒక్కసారిగా పొడుగు పెరిగే వయసులో ఎక్కువ చూస్తాం. చాలామంది పిల్లలు నెలలు, ఏళ్ళ మీద మెరుగవుతారు. నీళ్ళు బాగా తాగడం, డాక్టర్ ఒప్పుకుంటే ఉప్పు పెంచడం, నిదానంగా లేవడం, నిలబడాల్సి వస్తే పిక్కలు బిగించడం వదలడం, పడుకుని లేదా కూర్చుని చేసే వ్యాయామాలతో మొదలుపెట్టడం, ఇవే మొదటి మందు. బీపీ ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఇది చదివి ఉప్పు పెంచుకోకండి. నీట్ కూర్చుని రాసే పరీక్షే కదా, నిశ్చింతగా రాయి. ప్రేయర్‌లో కూర్చోనివ్వమని డాక్టర్ చేత చీటీ రాయించుకుని వార్డెన్‌కి ఇవ్వు.

ఒక మాట, నువ్వు రోజుకి నీళ్ళు ఎన్ని తాగుతావు నిజంగా చెప్పు.

బైపీసీ బ్యాక్‌బెంచ్

ఒక బాటిల్ సార్. లీటర్‌ది. స్టడీ అవర్‌లో బాత్రూంకి పంపరు అందుకని.

నైట్ డ్యూటీ (స్టాఫ్ నర్స్, ఏలూరు)

ఇదిగో ఇదే. ఆడపిల్లలైతే ఇంకా ఘోరం, కాలేజీ బాత్రూం బాగోదని పొద్దున ఇంట్లో తాగింది తప్ప సాయంత్రం దాకా చుక్క ముట్టరు. ఏప్రిల్ ఎండల్లో మా క్యాజువాలిటీకి వచ్చే పిల్లల్లో పల్స్ 120 ఉన్నవాళ్ళకి ఒక సెలైన్ పెట్టేసరికి 85కి దిగుతుంది. నోటితో తాగితే సరిపోయేదానికి సూది గుచ్చించుకుంటున్నారు.

పీఈటీ మాస్టారు (శ్రీకాకుళం జిల్లా)

మా స్కూల్లో కబడ్డీ, రన్నింగ్ పిల్లలకి పొద్దున పల్స్ 55, 58 ఉంటాదండి. ఏదో జబ్బని ఒక తండ్రి వచ్చి ఏడ్చాడు, వాచ్‌లో ఎర్రగా లో హార్ట్ రేట్ అని వచ్చిందంట. రోజూ పరిగెత్తే పిల్లకి గుండె ఒక్క దెబ్బకే ఎక్కువ రక్తం పంపిస్తాది, అందుకే తక్కువసార్లు కొట్టుకుంటే చాలు. కళ్ళు తిరక్కుండా హుషారుగా ఉంటే అది మంచిదే.

ఇప్పుడు ఎనిమిదో తరగతి దాకా ఆడి తొమ్మిది, పదిలో పీరియడ్ లెక్కల సారుకి ఇచ్చేసి, ఇంటర్‌లో గ్రౌండే లేని బిల్డింగ్‌లో కూర్చోబెడితే ఏటవుతాదండి? పల్స్ పెరక్కుండా ఉంటాదా? ఇది జబ్బు కాదు గానీ మంచిదీ కాదు. ఏ కారణమూ దొరక్కపోతే పిల్లని రోజూ అరగంట గట్టిగా నడిపించండి, రెండు మూడు నెలల్లో తేడా కనబడతాది. ముందు టెస్టులు చేయించాకే సుమా, రక్తం లేని పిల్లని పరిగెత్తించకూడదు.

ఓరుగల్లు బిడ్డ

నేను వేరే ముచ్చట చెప్త, ఇది గూడ తెల్వాలె అందరికి. మా అక్క కొడుకు హన్మకొండల ఉంటడు, అప్పుడు 15 ఏండ్లు. మామూలుగ పల్స్ 75, 80 మంచిగనే ఉంటది. కని కూసున్నోడు కూసున్నట్టే ఒక్కసారి గుండె దడ దడ దడ, చొక్కా మీదికెల్లి కనవడ్తది, పది నిమిషాలకు మళ్ల టక్కున ఆగిపోతది. దవఖానకు పోయేసరికి నార్మల్. ఈసీజీ తీస్తె ఏం లేదన్నరు, పోరడు చదువుకు భయపడుతుండని మానసిక డాక్టర్ దగ్గరికి గూడ తోలిచ్చిన్రు. ఏడాది గిట్లనే పోయింది. ఒకరోజు మా బావ పీహెచ్‌సీ పక్క పొంటి పోతాంటె వచ్చింది, అట్లనే ఉరికిచ్చి ఈసీజీ తీపిచ్చిండు, 210 ఉంది. ఎస్‌వీటీ అన్నరు, గుండె కరెంటు దారిల తేడా వచ్చి ఒక్కసారి గుండె ఉరికే జబ్బు. హైదరాబాద్‌ల తొడలోకెల్లి సన్నటి వైరు పంపి ఆ తేడా ఉన్న చోటు కాల్చేసిన్రు, అబ్లేషన్ అంటరు, మరునాడే ఇంటికొచ్చిండు. ఇప్పుడు వాలీబాల్ ఆడ్తడు.

స్టెతస్కోప్ (పిల్లల డాక్టర్, కర్నూలు)

చాలా మంచి సంగతి చెప్పారు. టెన్షన్ వల్ల, రక్తహీనత వల్ల, జ్వరం వల్ల వచ్చే వేగం మెల్లగా ఎక్కుతుంది, మెల్లగా దిగుతుంది, 110, 120, 130 అట్లా. ఎస్‌వీటీ స్విచ్ వేసినట్టు మొదలై స్విచ్ తీసినట్టు ఆగుతుంది, ఈ వయసులో 180 నుంచి 220 పైన ఉంటుంది. గుండెలో కరెంటు పోయే దారికి అదనంగా ఇంకో దారి పుట్టుకతో ఉంటుంది కొందరికి, అక్కడ గిరగిరా తిరుగుతుంది. అటాక్ లేనప్పుడు ఈసీజీ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది, వుల్ఫ్ పార్కిన్సన్ వైట్ రకమైతే మామూలప్పుడు కూడా డెల్టా వేవ్ అని ఒక గుర్తు కనిపించవచ్చు. అందుకే ఈసీజీ నార్మల్ కాబట్టి ఏమీ లేదు అనుకోకూడదు, రోజంతా ఒంటికి పెట్టుకుని ఈసీజీ రాసే హోల్టర్ పెట్టాలి, లేదా దడ వచ్చినప్పుడే దగ్గర్లో ఎక్కడుంటే అక్కడ ఈసీజీ తీయించి ఆ కాగితం దాచుకోవాలి. అటాక్ అప్పుడు వాచ్ అంకెని ఫోన్‌లో వీడియో తీసినా మాకు పనికొస్తుంది. ఊపిరి బిగబట్టి ముక్కడం లాంటి చిట్కాలు డాక్టర్ దగ్గర నేర్చుకున్నాకే చేయండి.

నా పద్ధతి చెప్తాను. ప్రశాంతంగా కూర్చున్నప్పుడు కొన్ని రోజులపాటు 100 పైనే ఉంటే ఆ వారంలో చూపించండి. జ్వరం లేకుండా కూర్చునే 120 పైన నిలిచిపోతే ఆ రోజే చూపించండి. 180 దాటితే, లేదా దడతో పాటు ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం ఉంటే 108కి ఫోన్ చేయండి, పొద్దున చూద్దాం అనుకోవద్దు. ఆడుతూ ఆడుతూ పడిపోయిన పిల్లని ఎంత తొందరగా లేచి నవ్వినా సరే ఆట ఆపించి కార్డియాలజిస్ట్‌కి చూపించాలి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో, 50 లోపు, ఉన్నట్టుండి చనిపోయి ఉంటే అది కూడా చెప్పాలి. మనవాళ్ళు పెళ్ళి సంబంధాలకి అడ్డం వస్తుందని దాస్తారు ఈ మాట.

డల్లాస్ నాన్న

ఇక్కడ హైస్కూల్ స్పోర్ట్స్‌లో చేరాలంటే ముందు ఫిజికల్, అంటే డాక్టర్ చేత ఒంటి పరీక్ష చేయించాలి, ఆ ఫారంలో సరిగ్గా ఈ ప్రశ్నలే ఉంటాయి, ఆడుతూ స్పృహ తప్పిందా, ఇంట్లో చిన్న వయసు మరణాలున్నాయా అని. టెక్సాస్‌లో 2019 నుంచి ఈసీజీ కూడా అడగొచ్చని తల్లిదండ్రులకి చెప్పాలనే రూల్ వచ్చింది. మా అమ్మాయికి పల్స్ 105 వచ్చింది ఆ ఫిజికల్‌లో, డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న ఎనర్జీ డ్రింక్ తాగుతావా అని. స్విమ్మింగ్ ప్రాక్టీస్‌కి ముందు రోజూ ఒక క్యాన్ తాగుతోందని మాకు అప్పుడే తెలిసింది. ఇక్కడి క్యాన్‌లలో కొన్నిట్లో 200 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది, పిల్లల డాక్టర్లు ఈ వయసుకి రోజుకి 100 దాటొద్దంటారు. మానేశాక 78. మన దగ్గర ఎలా ఉందో తెలియదు.

శాంపిల్ బాటిల్ (ల్యాబ్ టెక్నీషియన్, ఖమ్మం)

మన దగ్గర ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ రూల్ ప్రకారం లీటర్‌కు కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటొద్దు అన్నా, అంటే 250 ఎంఎల్ క్యాన్‌ల 75. పిల్లలకు, గర్భిణులకు మంచిది కాదని డబ్బా మీద చిన్నక్షరాలల్ల రాసి ఉంటది. కని పరీక్షల టైంల రాత్రి ఒకటి, తెల్లారి ఒకటి, మధ్యల హాస్టల్ టీ మూడు గ్లాసులు, అన్ని కలుపుకో. ఇంక జలుబు మాత్రలు, ఆస్తమా పంపులు కూడా పల్స్ పెంచుతయి. పంపు మాత్రం భయపడి బంద్ చేయొద్దు, ఊపిరి ముఖ్యం.

కడప కారం

డాక్టర్ సార్, మా చెల్లెల్ని కనుక్కున్నా. రక్తపరీక్ష చేయించనే ల్యా. ఆ పిల్లకి సన్నగా అయిపోతాంది, చేతులు వణుకుతాయి, ఎప్పుడూ ఉడుకెత్తుతాందని ఫ్యాన్ కిందే ఉంటాది, ఆకలి మాత్రం బాగా తింటాది. మాత్ర ఆపేయమందునా?

స్టెతస్కోప్ (పిల్లల డాక్టర్, కర్నూలు)

అన్నా మీ అంతట మీరు ఆపొద్దు, మాత్ర స్ట్రిప్ చేతిలో పట్టుకుని రేపే డాక్టర్ దగ్గరికి పొండి. బాగా తింటూ సన్నబడటం, చేతుల వణుకు, వేడి తట్టుకోలేకపోవడం, ఇవి థైరాయిడ్ ఎక్కువ పనిచేసే లక్షణాలు. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మెడ ముందు వాపు ఉందేమో, కళ్ళు పెద్దవిగా కనబడుతున్నాయేమో చూడండి. అదే అయితే దానికి వేరే మందు ఉంది, ప్రొప్రనొలాల్ కూడా మొదట్లో మేమే వాడతాం, కాకపోతే జబ్బు పేరు తెలిశాక.

వానచినుకు (గుంటూరు)

ఆలస్యంగా రాస్తున్నాను, అందరూ క్షమించాలి. వారం రాసిన లెక్క ఇది, పొద్దున మంచం మీద 88 నుంచి 94, సాయంత్రం 100 నుంచి 106. వాచ్ మరీ అబద్ధం చెప్పలేదన్నమాట. సీబీసీలో హిమోగ్లోబిన్ 8.4, ఎంసీవీ 66, ఫెర్రిటిన్ 5. టీఎస్‌హెచ్ నార్మల్. డాక్టరమ్మ కనురెప్ప లాగి చూసి రిపోర్ట్ చూడకముందే చెప్పేసింది. ఐరన్ మాత్ర రాసింది, నులిపురుగుల మాత్ర ఒకటి వేయించింది, నెలసరి గురించి గైనిక్ దగ్గరికి పంపింది, చిన్నప్పట్నుంచి పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తుందా అని కూడా అడిగారు అక్కడ, రక్తం సరిగ్గా గడ్డకడుతోందో లేదో తెలుసుకోవడానికట.

ఒక్క భయం మిగిలింది. ఈసీజీ కాగితం పైన మిషనే సైనస్ అరిథ్మియా అని ప్రింట్ చేసింది. డాక్టరమ్మ ఏం లేదులెమ్మా అంది గానీ మావారు నెట్‌లో అరిథ్మియా అని కొట్టి రాత్రంతా నిద్రపోలేదు. ఇంకా కాలేజీలో వారానికొకటి నీలం రంగు ఐరన్ మాత్ర ఇస్తారంట, ఇది కడుపులో తిప్పుతుందని కిటికీలోంచి పడేసేదంట, ఇప్పుడు బయటపెట్టింది.

స్టెతస్కోప్ (పిల్లల డాక్టర్, కర్నూలు)

మీ వారిని నిద్రపోమని చెప్పండి. ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగంగా, వదిలినప్పుడు కొంచెం నిదానంగా కొట్టుకుంటుంది, పిల్లల్లో, కుర్రవాళ్ళలో ఇది స్పష్టంగా కనబడుతుంది. దానికి మిషన్ పెట్టే పేరు అది. ఆరోగ్యమైన గుండె చేసే పనే.

ఐరన్ ఖాళీ కడుపుతో బాగా ఎక్కుతుంది, కానీ వికారం వస్తే తిన్నాక వేసుకున్నా పర్లేదు, మానేయడం కంటే అదే నయం. నిమ్మరసంతో మంచిది. టీ, కాఫీ, పాలు ఆ గంట ముందూ వెనకా వద్దు. మలం నల్లగా వస్తుంది, భయపడొద్దు. నెలకి హిమోగ్లోబిన్ ఒకటి, రెండు గ్రాములు పెరిగితే సరైన దారిలో ఉన్నట్టు. 12 వచ్చింది కదా అని ఆపేయకండి, మూడు నెలలు ఇంకా వాడాలి, నిల్వలు నిండాలి. కాలేజీ నీలం మాత్ర ఐరన్ తగ్గకుండా చూసేందుకే, తగ్గినదాన్ని నింపేందుకు చాలదు, అయినా పడేయకుండా వేసుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో.

నైట్ డ్యూటీ (స్టాఫ్ నర్స్, ఏలూరు)

రాగిజావ తాగిస్తే చాలని పక్కింటివాళ్ళు చెప్తారు చూడండి రేపట్నుంచి. రాగిలో కాల్షియం ఘనం, ఐరన్ అంత లేదు. తోటకూర, గోంగూర, పప్పులు, బెల్లం అన్నీ పెట్టండి, మాంసాహారం తింటే లివర్, మటన్‌లో ఐరన్ బాగా ఒంటబడుతుంది. కానీ 8.4ని కూరలతో 12కి తేవడం అయ్యే పని కాదు, మాత్ర మాత్రే.

బెజవాడ బాబాయ్

డాక్టరు గారూ ఒకటే డౌటు. మా మనవడికి 15, వాడిదీ చూశాను ఊరికే ఉండలేక, 92 ఉంది. తింటాడు, ఆడతాడు, ఏ బాధా లేదు. వాడికీ ఈ టెస్టులన్నీ చేయించమంటారా?

స్టెతస్కోప్ (పిల్లల డాక్టర్, కర్నూలు)

బాధలేమీ లేకుండా ఆడుకునే పిల్లాడికి 92 అంటే నేను ఏ టెస్టూ రాయను. పొద్దున మంచం మీద నాలుగైదు రోజులు చూడండి, బహుశా 80 లోపే వస్తుంది. నిద్ర, ఫోన్, కూల్‌డ్రింకులు చూసుకోండి. పరీక్షల భయం గట్టిగా ఉందనిపిస్తే, నిద్రపట్టకుండా గుండె దడ అంటుంటే, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, అది టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం. టెన్షన్ వల్ల పల్స్ పెరగడం నిజమే, మిగతావి లేవని చూసుకున్నాక ఆ మాట అనాలి.

వానచినుకు (గుంటూరు)

రెండో నెల రిపోర్ట్ వచ్చింది, 10.9. పొద్దున పల్స్ 76, 78. బియ్యం డబ్బా జోలికి పోవట్లేదు, నేను అనకుండానే. వాచ్‌లో పల్స్ అలారం ఆఫ్ చేశాం, ఇప్పుడు టైం చూసుకోవడానికి వాడుతోంది. బ్యాక్‌బెంచ్ బాబూ నువ్వెలా ఉన్నావు, చీటీ ఇచ్చావా వార్డెన్‌కి?

బైపీసీ బ్యాక్‌బెంచ్

ఇచ్చా ఆంటీ. డాక్టర్ నిలబెట్టి చూశారు, పడుకుంటే 72, నిలబడితే 121, పాట్సే అన్నారు. రోజుకి మూడు బాటిల్స్ తాగుతున్నా, ప్రేయర్‌లో కుర్చీ వేస్తున్నారు. నా పక్కనోడు వాడికీ పాట్స్ ఉందని ఇప్పుడు కుర్చీ అడుగుతున్నాడు.